ఆ పేరులో ఒక క్రియ ఉంది: ఆదివారపు బడి నుంచి ఒక కేస్ స్టడీ

"టీచర్, నేను ఓటీపీ కొట్టడం మరిచిపోయాను."

తొమ్మిదేళ్ల పిల్లవాడు ఈ మాట అన్నప్పుడు నేను చాపలు చుట్టి మూలకు చేరుస్తున్నాను. ఫోను సంగతేదో అనుకుని సగం వింటూ, "దేనికి నాన్నా?" అన్నాను.

"నాయనమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి ప్రార్థన చేశాను. చివర యేసు నామమున అనలేదు. నిద్ర వచ్చేసింది. తెల్లారేసరికి నాయనమ్మ చనిపోయింది."

చెప్పి నా ముఖంలోకి చూడలేదు. చాప రెండో కొస పట్టుకుని నాతోపాటు చుట్టసాగాడు.

ఆ ఓటీపీ మాట వాడికి నేర్పింది నేనే.

కృష్ణా డెల్టాలో కాలువ పక్కన ఉన్న ఊరు మాది. వారమంతా ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు గంటసేపు మందిరం వరండాలో పిల్లలకు బైబిలు పాఠం చెబుతాను. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. ఈ కేసులోని పిల్లలు పదహారు మంది, మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా చదువుతున్నవాళ్లు. పేర్లు రాయడం లేదు. పేరు గురించిన కేసులో పేర్లన్నీ దాచడం విడ్డూరమే గానీ, పిల్లల సంగతి కదా.

నా చిన్నప్పుడు మా టీచరమ్మ ఒక పోలిక చెప్పేది: యేసు నామమున అనని ప్రార్థన స్టాంపు అంటించని ఉత్తరం లాంటిదని. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. ఈ తరం పిల్లలకు స్టాంపు తెలియదు, ఉత్తరం అసలే తెలియదు. అందుకని ఒక వేసవి వి.బి.ఎస్.లో, అంటే సెలవుల బైబిలు బడిలో, దాన్ని ఓటీపీగా మార్చాను. బ్యాంకులో డబ్బు ఉన్నా ఓటీపీ కొట్టకపోతే కదలదు, ప్రార్థన కూడా అంతే అన్నాను. పిల్లలు నవ్వారు, గుర్తు పెట్టుకున్నారు. పాఠం బాగా అంటుకుందని నేను మురిసిపోయాను. అది ఎక్కడ అంటుకుందో చాపలు చుడుతున్నప్పుడు తెలిసింది.

"నాయనమ్మ చనిపోయింది నీ వల్ల కాదు" అని అప్పటికప్పుడు చెప్పాను. పెద్దవాళ్ల మాటకు పిల్లలు ఊపినట్టు తల ఊపాడు. నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? ఓటీపీ లేకపోతే పని జరగదని చెప్పిన నోరు కూడా ఇదే. ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి తండ్రితో మాట్లాడితే, "వీడు రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడమ్మా, దడుచుకున్నాడేమో అనుకున్నాం" అన్నాడు. మూడు నిమిషాల పోలికతో లోపలికి దిగినదాన్ని బయటికి తీయడానికి తొమ్మిది ఆదివారాలు పట్టింది. ఆ తొమ్మిది ఆదివారాల సంగతి ఇది.

చీటీల్లో బయటపడినవి

మరుసటి వారం పాఠం పక్కన పెట్టి చీటీలు పంచాను. ఒకటే ప్రశ్న: యేసు అనే పేరుకు అర్థం ఏమిటి? పదకొండు మంది 'రక్షకుడు' అని రాశారు. అంతకు ముందైతే ఆ జవాబుకే పెన్సిళ్లు బహుమతిగా ఇచ్చేదాన్ని. ఈసారి ఇంకో మెట్టు దిగి, "రక్షకుడు అంటే ఎవరు?" అన్నాను. వరండా అంతా నిశ్శబ్దం. చివరికి నాలుగో తరగతి పిల్ల లేచి "పోలీసు, టీచర్" అంది. ఎవరూ నవ్వలేదు. అందరి మనసులోనూ ఉన్నది అదే. ఠాణా బోర్డు మీద రక్షక భట నిలయం అని చదివిన పిల్లలు. తెలుగు టీచరుగా ఆ పిల్లను తప్పు పట్టలేను, కానీ ఆమె ఊహలో యేసు చేతిలో లాఠీ ఉంది.

రెండోది ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. ఆ లెక్కన యేసు అనేది ఇంటిపేరు, క్రీస్తు అనేది పేరు. "అంటే వాళ్ల నాన్న యోసేపుగారిది కూడా యేసు వారే కదా టీచర్" అన్నాడు ఒకడు. తర్కంలో లోపమేమీ లేదు.

మూడోది నామం. స్నేహితురాలి వెంట ఆదివారం బడికి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల తాతగారు రోజూ స్నానం చేసి నుదుట తిరునామం దిద్దుకుంటారు. ఆ పిల్ల నన్ను అడిగింది: "యేసు నామం ఎలా ఉంటుంది టీచర్? మీరెవరూ పెట్టుకోరు కదా?" చర్చిలో పుట్టి పెరిగిన పిల్లలు ఆమెను వింతగా చూశారు. "సరే, నామం అంటే ఏమిటో మీరు చెప్పండి" అంటే వాళ్లకూ నోరు పెగల్లేదు. ఒకడు మాత్రం చిన్నగా "పంగనామాలు" అన్నాడు. రోజుకు నాలుగైదుసార్లు 'యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ' అని ఊపిరి తీసుకోకుండా ఒకే మాటలా దొర్లించేవాళ్లు, అందులో 'పేరు' అనే మాట ఉందని ఒక్కరికీ తెలియదు. ఆ అమ్మాయి అడగకపోతే నాకూ తెలిసేది కాదు. వీళ్లకు అది అర్థం ఉన్న మాట కాదు, తాళం తెరిచే చప్పుడు.

ఆ రోజు నుంచి వరండాలో ఒక నియమం పెట్టాను: పాఠంలో నేను 'నామము' అనను, 'పేరు' అంటాను. గ్రాంథికం మీద నాకు కోపం లేదు, దానితోనే అన్నం తింటున్నాను. కానీ అర్థం చెప్పకుండా వాడితే గ్రాంథికం మంత్రమైపోతుంది.

పిల్లల పేర్ల దగ్గర మొదలు

మొదట వాళ్ల పేర్ల గురించి అడిగి రమ్మన్నాను. నీకు పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఇన్నేళ్లలో నేను ఇచ్చిన ఇంటి పనుల్లో ఇంత శ్రద్ధగా చేసుకొచ్చినది మరొకటి లేదు. ఒక పాప పేరు పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి పెట్టారట. ఒకడిది చనిపోయిన పెదనాన్న పేరు. ఇద్దరికి రెండేసి పేర్లు, బడి రిజిస్టరులో ఒకటి, మందిరంలో ఒకటి. ఎందుకు రెండని ఒక పిల్ల నన్నే అడిగింది. దాని వెనక కులం, సర్టిఫికెట్టు, రిజర్వేషను కథ ఉంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఎంత చెప్పాలో అంతే చెప్పి ముందుకు నడిచాను.

ఆరో తరగతి కుర్రవాడు తెచ్చిన సంగతి మాత్రం పాఠానికే దారి చూపింది. వాళ్ల ముత్తాత పేరు పెంటయ్య. నలుగురు బిడ్డలు పుట్టి పోయాక ఐదోవాడు పుడితే, పెంట మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరు పెట్టారట. పనికిరానిదని మృత్యువు వదిలేసి పోవాలని. మన పల్లెల్లో పెంటయ్యలూ కుప్పయ్యలూ అలా పుట్టినవాళ్లే. పిల్లలు మొదట కిసుక్కుమన్నారు, కథ పూర్తయ్యేసరికి నోళ్లు మూసుకున్నారు. ఒక తల్లి తన బిడ్డను కాపాడుకోవడానికి పేరునే అడ్డం పెట్టింది. పేరంటే పిలవడానికి మాత్రమే కాదని, దాని వెనక ఒకరి ప్రాణభయమో ఆశో ఉంటుందని ఆ రోజు నేను చెప్పనక్కర లేకపోయింది.

తరవాతి వారం యోసేపు కల. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో దూత యోసేపుకు పేరుతోపాటు కారణం కూడా చెబుతాడు. తన ప్రజలను వాళ్ల పాపాల నుంచి ఆయనే రక్షిస్తాడు కాబట్టి ఆ పేరు. లూకా ప్రకారం బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున, సున్నతి చేసేటప్పుడు పేరు పెట్టారు. మన బారసాల లాంటిదని చెప్పి, పళ్లెంలో బియ్యం పోసి పిల్లల చేత వేలితో ఆ పేరు రాయించాను. ఇక్కడ ఒక తప్పు చేశాను. పెద్దల్లో ఒకరు అది చూసి, బియ్యంలో రాయించడం మన పద్ధతి కాదని నొచ్చుకున్నారు. వాదించవచ్చు గానీ వాదించలేదు. బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టినప్పుడు మూగవాడై ఉన్న తండ్రి జెకర్యా పలక అడిగి బిడ్డ పేరు రాసిన సంగతి లూకాలోనే ఉంది. పలకలు తెప్పించాను. పిల్లలకు పలకే ఎక్కువ నచ్చింది, చెరిపి మళ్లీ రాసుకోవచ్చని.

పేరు విడదీసి చూస్తే

యేసు అనేది గ్రీకు దారిలో మనకు వచ్చిన రూపం. హెబ్రీలో యెహోషువ, అది కుదించుకుని యేషూవ. గ్రీకు భాషలో 'ష' ధ్వని లేదు, మగవాళ్ల పేరు చివర 'స్' తగిలించడం ఆ భాష అలవాటు. అలా యేషూవ కాస్తా యేసూస్ అయ్యాడు. ఇంగ్లీషువాళ్లు జీసస్ అన్నారు. మన తెలుగు ఆ చివరి 'స్'ను వదిలేసి, మొదటి 'య'కారాన్ని మాత్రం పదిలంగా ఉంచుకుంది. ఐదో తరగతి పిల్ల ఒకతె, "మా బడిలో నా స్నేహితురాలి ఇంట్లో ఈసా అంటారు టీచర్, ఆయనేనా?" అంది. ఆయన గురించే, ఖురానులో ఆ పేరుతో ఉంటారని చెప్పాను.

మోషే తన శిష్యుడు హోషేయకు యెహోషువ అని పేరు మార్చినట్టు సంఖ్యాకాండము 13వ అధ్యాయంలో ఉంది. హోషేయ అంటే రక్షణ. ముందు యెహోవా అనే దేవుని పేరు చేర్చేసరికి ఎవరి రక్షణో తేలిపోయింది. ఇక్కడ పిల్లల కళ్లు మెరిసేలా చేసినది మోషే కాదు, వాళ్ల తెలుగు వాచకం. జాషువా అన్నా యెహోషువే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాగారి పేరూ యేసు పేరూ మూలంలో ఒకటేనన్నప్పుడు, పెద్ద పిల్లలు ఇద్దరు నమ్మలేదు. ఆయన క్రీస్తు చరిత్రను కావ్యంగా రాశారని, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని చెబితే, "తన పేరున్న ఆయన గురించే రాసుకున్నారన్నమాట" అన్నాడు ఒకడు. అలా నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ రోజుల్లో అది మామూలు పేరు. కొలొస్సయులకు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, చివర యూస్తు అనే యేసు ఒకాయన వందనాలు చెబుతాడు. అపొస్తలుల కార్యముల 13వ అధ్యాయంలో బర్ యేసు అనే గారడీవాడు ఉన్నాడు. మా తరగతిలో ఒకే పేరుతో ముగ్గురుంటే ఊరు చేర్చి పిలుస్తాం కదా, అలాగే నజరేయుడైన యేసు. తెలుగువాళ్ల ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే కాబట్టి, ఇంటిపేరు కావాలని పట్టుబట్టిన కుర్రవాడికి నజరేతువారు అని ఇచ్చి రాజీ చేసుకున్నాను. క్రీస్తు ఇంటిపేరు కాదు, బిరుదు. హెబ్రీలో మెస్సీయ, అంటే అభిషిక్తుడు, తలమీద నూనె పోసి నియమించినవాడు.

ఇంతవరకు సమాచారం. పిల్లలు సరదాగా విన్నారు. కానీ మా చాపల కుర్రవాడు వీటిలో దేనికీ కదల్లేదు. చివరి వరసలో పలక మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు.

నాకు దారి దొరికింది బడిలో, ఏడో తరగతికి వాక్యం చెబుతున్నప్పుడు. కర్త, కర్మ, క్రియ. యెహోషువ అనేది పేరులా కనిపించే వాక్యం. 'యెహోవాయే రక్షణ' అని కూడా దానికి అర్థం చెబుతారు, కానీ దూత చెప్పిన కారణంలో ఉన్నది క్రియ: 'ఆయనే రక్షించును'. మత్తయి గ్రీకులో రాశాడు కాబట్టి అక్కడ ఈ శ్లేష చెవికి అందదు, తెలుగులోనూ అందదు. హెబ్రీ వచ్చినవాడికి పేరూ కారణమూ ఒకే ధాతువుతో మోగుతాయి. మట్టలాదివారం మా పిల్లలు గొంతు చించుకుని పాడే 'హోసన్న' కూడా ఆ ధాతువే, రక్షించమని మొర. ఇన్నేళ్లు వాళ్లు ఆయన పేరుకు చుట్టాన్ని పట్టుకుని ఊరేగుతున్నారన్నమాట.

ఆ ఆదివారం నల్లబల్ల మీద ఇలా రాశాను: యెహోవా ______ రక్షిస్తాడు. కర్త ఉంది, క్రియ ఉంది. కర్మ ఏది? ఎవరిని? పక్కనే ఇంకో ఖాళీ: దేని నుంచి?

రెండో ఖాళీ ముందు పూరించమంటే కేకలు మొదలయ్యాయి. కుక్క నుంచి, పాము నుంచి, లెక్కల పరీక్ష నుంచి, నాన్న తాగి వచ్చినప్పుడు దెబ్బల నుంచి. చివరిది అన్న పిల్ల వంక ఎవరూ చూడకుండా ఉండడానికి నేను సుద్దముక్క కింద పడేశాను. ఆ మాటను పాఠంలో దాటించాను గానీ, పాస్టరు భార్య అమ్మగారితో కలిసి ఆ ఇంటికి వెళ్లి రావడం వేరే పనిగా పెట్టుకున్నాను.

బల్ల నిండాక దూత మాట చదివాం. పాముల ఊసు లేదు, పరీక్షల ఊసు లేదు. పాపముల నుండి అని ఉంది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. దాచకుండా చెప్పాలంటే నాకూ అది కష్టమైన క్షణమే. పాము నుంచి అని ఉంటే పాఠం ఎంత సులువు! రోమా ప్రభుత్వం నుంచి విడిపిస్తాడని ఆ కాలం యూదులు ఆశపడ్డారని, వాళ్లకూ ఇదే వెలితి కలిగి ఉంటుందని చెప్పాను. తప్పు చేసి దాక్కున్నప్పుడు లోపల ఎలా ఉంటుందో అడిగాను. అబద్ధం చెప్పి అమ్మ ముఖం చూడలేకపోవడం, దొంగిలించిన రబ్బరు జేబులో బరువుగా అనిపించడం, ఇవి వాళ్లకు పాముకంటే బాగా తెలుసు.

అప్పుడు చివరి వరస నుంచి మా కుర్రవాడు మొదటిసారి నోరు తెరిచాడు. "చావు నుంచి రక్షించడా?"

అందరూ నా వంక తిరిగారు. జవాబు నా దగ్గర ఉంది, పునరుత్థానం గురించి పది వాక్యాలు నాకు కంఠతా వచ్చు. కానీ వాడు అడుగుతున్నది నాయనమ్మ గురించి, పునరుత్థానం గురించి కాదు. "ఆ ప్రశ్న బల్ల మీద రాద్దాం" అని వాడి చేతికే సుద్దముక్క ఇచ్చాను. వాడు దిద్దినట్టు రాశాడు. మూడు వారాలు ఆ మాట చెరపలేదు.

కొట్టులో పద్దు

ఓటీపీ పోలికను తీసేయాలంటే దాని చోట ఇంకొకటి పెట్టాలి. లేకపోతే పాతదే తిరిగొస్తుంది. అపొస్తలుల కార్యముల మూడో అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు దేవాలయ ద్వారం దగ్గర కుంటివాణ్ని లేపిన కథ తీసుకున్నాను. (మన తెలుగు బైబిలులో ఆ ద్వారం పేరు 'శృంగారము'. ఆరో తరగతివాళ్లు చదవగానే ముసిముసి నవ్వులు. శృంగారమంటే అలంకారమని, అందమైన ద్వారమని చెప్పి ముందుకు నడిపించాను. ఏటా ఒకసారి ఇది తప్పదు.) వెండి బంగారాలు తన దగ్గర లేవని చెప్పి, నజరేయుడైన యేసు పేరున నడవమన్నాడు పేతురు. పేరున అంటే?

"మీలో ఎవరు కిరాణా కొట్టుకు వెళ్లి డబ్బులు ఇవ్వకుండా సరుకులు తెస్తారు?" అన్నాను. సగం చేతులు లేచాయి. "ఏమని చెబుతారు?"

"నాన్న పేరు మీద రాసుకోండి అంటాం."

అంతే, పాఠం వాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. కొట్టాయన ఇచ్చేది నీ ముఖం చూసి కాదు, నాన్నను చూసి. నాన్న పంపకుండానే వెళ్లి ఆయన పేరు మీద చాక్లెట్లు తెస్తే? "చావగొడతారు" అని ఒకేసారి నలుగురు. పక్కింటి వాడు వచ్చి మా నాన్న పేరు చెబితే? "కొట్టాయన ఇవ్వడు, నువ్వెవరివిరా అంటాడు." ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. ఎఫెసు పట్టణంలో స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడి దయ్యాన్ని వెళ్లగొట్టబోతే, యేసును ఎరుగుదును, పౌలును ఎరుగుదును, మీరెవరని అడిగి ఆ దయ్యం పట్టినవాడు వాళ్లను చితకబాదిన కథ అదే పుస్తకం 19వ అధ్యాయంలో ఉంది. పిల్లలు దాన్ని నాటకం వేశారు. దయ్యం వేషం కోసం కొట్లాడుకున్నారు.

పేరు సరిగ్గానే పలికారు కదా, ఎందుకు పని చేయలేదు? ఇది నేను అడగాలనుకున్న ప్రశ్న. నాకంటే ముందే స్నేహితురాలి వెంట వచ్చే ఆ అమ్మాయి చెప్పేసింది: "వాళ్లకు ఆయన తెలియదు కదా."

అప్పుడు మా కుర్రవాడి వైపు చూడకుండా అందరినీ కలిపి అడిగాను. చిన్న పిల్లవాడు పరిగెత్తుకుంటూ కొట్టుకు వెళ్లాడు, ఆయాసంలో పంచదార అన్నాడు గానీ నాన్న పేరు మీద అనడం మరిచిపోయాడు. కొట్టాయన ఏం చేస్తాడు?

"ఇస్తాడు" అన్నారు. "ఎవరి పిల్లవాడో ఆయనకు తెలుసు కదా టీచర్."

ఆ తరవాత పని వాళ్లకే అప్పగించాను: బైబిలులో 'యేసు నామమున' అని ముగించని ప్రార్థనలు వెతకండి. మొదట దొరికింది అందరికీ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థనే. స్వయంగా యేసు నేర్పినది, అందులో ఆ ముగింపు లేదు. నీళ్లలో మునిగిపోతూ పేతురు పెట్టిన కేక, ప్రభువా నన్ను రక్షించు అని, అంతే. సిలువ మీది దొంగ యేసూ అని పేరు పెట్టి పిలిచి, జ్ఞాపకం చేసుకోమన్నాడు. ముగింపు లేదు, ఆమేన్ కూడా లేదు. దొంగ సంగతి వెతికి పట్టుకొచ్చినది మా కుర్రవాడు. పేజీలో వేలు పెట్టి నాకు చూపించి, "వాడికి తీరిక లేదు" అన్నాడు.

దెబ్బ తిన్న చోట్లు

రెండు వారాలకే ఒక తల్లి వచ్చి, మా అమ్మాయి ఇంట్లో యేసు పేరు లేకుండా ప్రార్థన ముగిస్తోంది, అక్కర లేదని టీచర్ చెప్పారంటోంది అంది. అయ్యగారు కూడా పిలిచి, యోహాను 14వ అధ్యాయంలో తన నామమున అడగమని చెప్పింది ప్రభువే కదా అని మందలించారు. న్యాయమే. గుంట పూడ్చబోయి పక్కన మెట్ట వేశాను. మళ్లీ కొట్టు దగ్గరికే వెళ్లాం. మరిచిపోయినా ఇస్తాడని చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదు. ఎవరి పేరు మీద తింటున్నామో చెప్పుకోవడంలో గౌరవం ఉంది, కృతజ్ఞత ఉంది. కావాలంటే నెమ్మదిగా అనండి, అర్థమయ్యేలా అనండి అన్నాను. ఇప్పుడు వాళ్లు ఆ ముగింపు దగ్గర ఒక క్షణం ఆగుతారు. కొందరు 'యేసు పేరున' అంటారు, కొందరు 'నామమున' అనే అంటారు. నేను సరిదిద్దను.

ఐదో తరగతి పిల్ల ఒకతె పరీక్ష కాగితం మీద మొదట ఆ పేరు రాయడం మానలేదు. రాస్తే మార్కులు వస్తాయని ఆమె గట్టి నమ్మకం, నా నాటకాలు ఆ నమ్మకాన్ని గీరనైనా లేదు. కార్టూన్లు చూసి ప్రతిదానికీ 'ఓ జీసస్' అనే ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇద్దరున్నారు. దేవుని పేరు వ్యర్థంగా పలకొద్దనే మూడో ఆజ్ఞ చదివించాను, వారం రోజులు పనిచేసింది.

పద్దు పోలికకు అసలు చిల్లు ఎక్కడుందో కనిపెట్టింది మా కుర్రవాడే. ఎనిమిదో ఆదివారం, అందరూ వెళ్లాక వచ్చాడు. "కొట్టాయనకు నేను తెలుసు. నాన్న పేరు కూడా తెలుసు. మరి నాయనమ్మను అడిగితే ఎందుకు ఇవ్వలేదు?"

ఈసారి చాపలు వదిలేసి కూర్చున్నాను. నాకు తెలియదని చెప్పాను. గెత్సేమనే తోటలో యేసు కూడా తాను పట్టుబడిన రాత్రి అడిగాడని, ఆ శ్రమల గిన్నె తన నుంచి తొలగిపోవాలని అడిగితే తొలగలేదని చెప్పాను. "ఆయన పేరే రక్షణ కదా టీచర్?" అన్నాడు. అవునన్నాను. స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు, లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడని చెప్పాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాలువలో బాతులు అరుస్తున్నాయి. "అయితే నిద్రపోయినందుకు కాదు" అన్నాడు చివరికి, నన్ను అడిగినట్టు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు. కాదన్నాను.

వాళ్ల నాన్న చెప్పిన దాని ప్రకారం అప్పటికే రాత్రిళ్లు లేవడం తగ్గింది. అది నా పాఠం వల్లనో, రోజులు గడవడం వల్లనో, వాళ్ల అమ్మ పక్కన పడుకోబెట్టుకోవడం వల్లనో చెప్పలేను.

తొమ్మిదో ఆదివారం పిల్లలందరికీ అట్టముక్కలు ఇచ్చి, బల్ల మీది వాక్యాన్ని ఎవరిది వాళ్లు పూర్తి చేసి ఇంటికి తీసుకెళ్లమన్నాను. యెహోవా నన్ను రక్షిస్తాడు, యెహోవా మా చెల్లిని రక్షిస్తాడు. నాన్న దెబ్బల గురించి చెప్పిన పిల్ల 'మా నాన్నను' అని రాసింది. మా కుర్రవాడు చాలాసేపు ఖాళీ అట్టతో కూర్చుని, 'నాయనమ్మను' అని రాసి నా దగ్గరికి తెచ్చాడు.

"టీచర్, రక్షిస్తాడు అని ఉంచాలా, రక్షించాడు అని మార్చాలా?"

తెలుగు టీచరు ఉద్యోగం అలాంటి చోట అక్కరకు వస్తుంది. భూతం, వర్తమానం, భవిష్యత్తు కాక మన భాషలో తద్ధర్మం అని ఇంకొకటి ఉందని చెప్పాను. ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పడానికి. సూర్యుడు తూర్పున ఉదయించును, అలాంటిది. నిన్నటికీ సరిపోతుంది, రేపటికీ సరిపోతుంది. బైబిలులో దూత మాట ఏ రూపంలో ఉందో చూడమన్నాను.

చూశాడు. నా దగ్గర రబ్బరు అడిగి తీసుకుని, 'రక్షిస్తాడు' చెరిపి, 'రక్షించును' అని రాశాడు. చెరిపిన చోట అట్ట కాస్త చిరిగింది. ఇంకొక అట్ట ఇస్తానంటే వద్దన్నాడు.